టచింగ్ అక్కయ్య ఇంట్లో సైరన్

ఫోటోలు ఫోన్లలోకి రాకముందు స్టూడియోల్లో టచింగ్ అనే పని ఒకటి ఉండేది. ఫిల్ము కడిగి ఆరబెట్టాక, వెనక నుంచి వెలుతురు పడే ఏటవాలు బల్ల మీద నెగటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టేవాళ్ళు. ముఖం మీది మొటిమలు, గాట్లు, కళ్ళ కింద నలుపు ఆ చుక్కల్లో కరిగిపోయేవి. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి జారిందా, పెళ్ళికూతురి బుగ్గ మీద సున్నం గీసినట్టు తెల్లటి చార పడేది. ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి ఆవిడను వీధంతా టచింగ్ అక్కయ్య అంటుంది.

పెళ్ళయిన కొత్తలో భర్త స్టూడియోలో ఊరికే కూర్చోలేక పెన్సిల్ పట్టుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే, ఫోటో బాగా రావడానికి కెమెరా పట్టుకున్న ఆయన కారణమా, బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ కారణమా అని జనం వాదించుకునేదాకా వచ్చింది. ఆవిడకు ఒకటే పట్టింపు. మచ్చ తీస్తుంది, పుట్టుమచ్చ తియ్యదు. “మచ్చ మధ్యలో వచ్చింది, పోతే పోనీ. పుట్టుమచ్చ మీతో వచ్చింది, దాని జోలికి నేను పోను” అనేది. ఎంత గొప్పవాళ్ళు అడిగినా అంతే.

భర్తను అందరూ కదలొద్దు మాస్టారు అంటారు. నల్లగుడ్డలో తల దూర్చి “కదలొద్దు” అని ఆయన అరిస్తే పసిపిల్లలు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఇప్పుడాయనకు చెవులు మందగించాయి. గొంతు మాత్రం అలాగే ఉంది. పొద్దున్న పేపరు పట్టుకుంటే మొదటి పేజీ పైనున్న తేదీ నుంచి చివరి పేజీ అడుగున అచ్చువేసిన ప్రెస్సు చిరునామా దాకా అక్షరం వదలకుండా పైకి చదువుతాడు. పక్కింటివాళ్ళు అందుకే పేపరు కొనడం మానేశారని ఆవిడ వేళాకోళం చేస్తుంది.

అందరి చేతుల్లోకీ కెమెరాలు వచ్చాక స్టూడియో మూతపడింది. ఆ గదిలో ఇప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. మాస్టారు ఆ దారిన వెళ్ళడం మానేశాడు. ఆవిడ మానలేదు. పైగా ఒకరోజు లోపలికి వెళ్ళి తన ఫోనుకు తొడుగు కొనుక్కుని వచ్చింది కూడా.

మంచినీళ్ళ సరఫరా ఆఫీసులో ఉద్యోగం చేసే కూతురు, ఊరి అవతలి వైపు కాపురం ఉంటుంది. అమ్మ చేతులు ఖాళీగా ఉండలేవని తెలిసి ఒక కంప్యూటర్, స్కానర్ తెచ్చి ముందుగదిలో కిటికీ పక్కన పెట్టింది. మొదట్లో ఆవిడ మౌస్‌ను ఇస్త్రీపెట్టెలా రుద్దేది. కూతురు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయేది. కానీ నేర్చుకుంది. చిరిగిన ఫోటోలు అతకడం, చెమ్మకు పొరలు లేచిన ముఖాలు మళ్ళీ నిలబెట్టడం, వెలిసిపోయిన చీరలకు నలుపు తెలుపుల్లోనే ప్రాణం పొయ్యడం, అన్నీ వచ్చేశాయి. “అదే పెన్సిలు, కాకపోతే కరెంటు పెన్సిలు” అనేది. ఆ నోటా ఈ నోటా తెలిసి జనం పాత ఫోటోలు పట్టుకొచ్చేవాళ్ళు. ఎక్కువగా పోయినవాళ్ళ ఫోటోలే.

అలా వచ్చినవాడే సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చాడు. సంచిలోంచి రెండు అట్టల మధ్య పెట్టిన ఫోటో తీశాడు. నూలుమిల్లులో పనిచేసే ఆడవాళ్ళంతా వరసలుగా నిలబడి దిగిన ఫోటో. వెనక వరసలో, ఒక స్తంభం పక్కన, గోరంత ముఖం.

“ఆవిడే మా అమ్మ” అన్నాడు. “ఇది తప్ప ఇంకో ఫోటో లేదు అక్కయ్యగారూ. నేను బళ్ళో చదువుతుండగా పోయింది. ఈ మధ్య కళ్ళు మూసుకుంటే ముఖం రావడం లేదు.”

చెమ్మ ఎడమ చెంపనూ ఎడమ కన్నునూ తినేసింది. ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. “తొందరపెట్టనంటే చేస్తాను” అంది. అతను తొందరపెట్టలేదు. దారిలో వచ్చినప్పుడు కిటికీలోంచి తొంగిచూసి, ఏమీ అడగకుండానే వెళ్ళిపోయేవాడు.

ఆ ముఖం మీద ఆవిడ ఎన్నో మధ్యాహ్నాలు కూర్చుంది. కుడికన్ను చూసి ఎడమకన్ను పోసింది. చెంప నింపింది. ఇక మెడ దగ్గర మాత్రం కాస్త పని మిగిలింది. మిల్లులో తొడుక్కునే పైచొక్కాకు కాలరు ఎలా ఉండేదో తెలియక ఆగిపోయింది. ఇంటర్నెట్‌లో అలాంటి పాత ఫోటోలు వెతుకుతూ, ఒక బొమ్మ మీద నొక్కింది.

తెరంతా ఎర్రబడింది. ఆ వెంటనే సైరన్ మోగింది. దాని మీదుగా ఒక ఆడగొంతు, రైల్వే స్టేషన్లో చెప్పినట్టు, ఆగకుండా చెబుతోంది. మీ కంప్యూటర్‌కు ప్రమాదకరమైన వైరస్ సోకింది, మీ ఫోటోలు, పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు దొంగల చేతికి పోతున్నాయి, కంప్యూటర్ ఆపకండి, ఆపితే సమస్తం చెరిగిపోతుంది, వెంటనే కింద ఉన్న నంబరుకు ఫోన్ చెయ్యండి.

ఆవిడ మూసే గుర్తు కోసం వెతికితే కనపడలేదు. ఏ మీట నొక్కినా తెర కదల్లేదు. 

వరండాలోంచి మాస్టారు లేచి వచ్చాడు. “ఎవరికి బాగాలేదు? అంబులెన్స్ మన ఇంటి ముందే ఆగినట్టుందే.”

“మన ఇంట్లోకే వచ్చిందండీ” అంది ఆవిడ. “ఫోటోలన్నీ పోతాయంటోంది.”

“అయితే ఆపెయ్యి.”

“ఆపితేనే పోతాయంటోంది.”

ఆయనకు అదేం లెక్కో అర్థం కాలేదు. ఆవిడకు కూడా అర్థం కాలేదు గానీ, ఆ హోరులో ఆలోచన ఎక్కడ నిలుస్తుంది? కూతురికి చెయ్యాలనే అనుకుంది. ఆఫీసు వేళ, ఫోన్ ఎత్తకపోవచ్చు. ఎదురుగా నంబరు పెద్ద అక్షరాల్లో వెలుగుతోంది. దానికే చేసింది.

ఒక్క రింగుకే ఎత్తారు. మగగొంతు. చిన్నవాడే అయ్యుంటాడు, మాట మాత్రం ఎంతో నిదానం. “అమ్మా, కంగారు పడకండి. మీరు సరైన చోటికే ఫోన్ చేశారు. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి” అన్నాడు. ఆ మాటతో ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళు తాగమన్నవాడు చెడ్డవాడు అవుతాడని ఎవరు అనుకుంటారు?

అతను ఏవో మీటలు నొక్కమన్నాడు. ఒక చిన్న ప్రోగ్రామ్ దించుకోమన్నాడు. అది అడిగినప్పుడల్లా సరేననమన్నాడు. అన్నీ చేసింది. “ఇక మౌస్ మీద చెయ్యి తీసేయండి అమ్మా, నేను చూసుకుంటాను” అన్నాడు.

ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. తెర మీద బాణం గుర్తు దానంతటదే నడవడం మొదలుపెట్టింది. ముందు ఆ ఎర్రటి తెరను మూసేసింది. సైరన్ ఆగింది. ఇంట్లో నిశ్శబ్దం ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది ఆవిడకు. ఆ ఒక్క పనితో అతని మీద నమ్మకం కుదిరిపోయింది.

బాణం అక్కడికీ ఇక్కడికీ తిరిగి ఏదో జాబితా తెరిచింది. ఎర్రగుర్తులు, పసుపుగుర్తులు బారులు తీరి ఉన్నాయి. “చూశారా అమ్మా, ఇవన్నీ వైరస్ చేసిన గాయాలే” అన్నాడు. అలాంటి గుర్తులు లోకంలో ప్రతి కంప్యూటర్లోనూ ఉంటాయని ఆవిడకు అప్పటికి తెలియదు. బాణం ఆవిడ ఫోటోల ఫోల్డర్‌లోకి వెళ్ళింది. తలుపు తట్టకుండా ఎవరో లోపలికొచ్చి, అలమర తలుపులు ఒక్కొక్కటే తీసి చూస్తున్నట్టు అనిపించింది. డ్రైవరు తల్లి ముఖం తెర నిండా తెరుచుకుంది.

“ఎవరమ్మా ఈవిడ? మీ అమ్మగారా?”

“కాదు బాబూ” అని, ఆవిడ అంతా చెప్పింది. మిల్లు గురించి, చెమ్మ గురించి, కళ్ళు మూసుకుంటే తల్లి ముఖం రాని కొడుకు గురించి. తన పని గురించి అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. అతను మధ్యమధ్య “అయ్యో” అన్నాడు. చివర్న, “ఇలాంటిది పోతే మళ్ళీ రాదు కదమ్మా” అన్నాడు.

“రాదు బాబూ. ఎలాగైనా కాపాడు.”

అప్పుడు అసలు పనిలోకి దిగాడు. వైరస్ బ్యాంకు ఖాతా దాకా వెళ్ళిందేమో చూడాలన్నాడు. బ్యాంకు పేజీ తెరిపించాడు. పాస్‌వర్డ్ ఆవిడ చేతే కొట్టించాడు. తెర నల్లబడింది. శుభ్రం చేస్తున్నామని నడిమధ్యన తెల్లటి అక్షరాలు వచ్చాయి. “ఇప్పుడు మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది చదివి చెప్పండి, అయిపోతుంది.”

ఆ ఖాతా భార్యాభర్తలిద్దరిదీ. అందులోని ఫోన్ నంబరు మాత్రం మాస్టారిది. వరండాలో కుర్చీ మీద ఉన్న ఆయన ఫోను టింగుమంది.

“ఏమండీ, ఏదో నంబరు వచ్చింది, చదవండి.”

“కళ్ళజోడు ఏది?”

“నెత్తి మీద ఉంది.”

ఆయన కళ్ళజోడు దించుకుని, ఫోను చేయిచాచినంత దూరంలో పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. పేపరు చదివినట్టే మొదలుపెట్టాడు. “ప్రియమైన ఖాతాదారునకు. మీ ఖాతా నుండి సొమ్ము బదిలీ చేయుటకు…” ఆగాడు. “ఎవరికి పంపుతున్నావు సొమ్ము?”

“ఎవరికీ పంపడం లేదు. ఆ నంబరు చెప్పండి.”

“వస్తున్నాను, నంబరు అడుగున ఉంది. ‘ఈ రహస్య సంఖ్యను ఎవరికీ తెలుపరాదు. బ్యాంకు సిబ్బంది అడిగిననూ తెలుపరాదు.’”

స్పీకరులో పెట్టిన ఫోనులోంచి గొంతు వచ్చింది. “సార్, అదంతా చదవక్కర్లేదు. నంబరు ఒక్కటి చెప్పండి.”

మాస్టారికి వినపడలేదు. “ఏమంటున్నాడు?”

“నంబరు చెప్పమంటున్నాడు.”

“ఎవరికీ చెప్పొద్దని ఇందులో రాసుంది కదా.”

“అతను వైరస్ తీసే అతనండీ.”

“అయితే మాత్రం? అతనూ ఎవరో ఒకరే కదా” అన్నాడు మాస్టారు. ఆయన అనుమానంతో అన్నది కాదు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు నడుచుకునే మనిషి, అంతే.

“ఆ ముసలాయన చేతిలోంచి ఫోన్ లాక్కో” అంది గొంతు. “తొందరగా నంబరు చెప్పు. బుద్ధుందా లేదా నీకు?”

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. అప్పటిదాకా తాగండి, చెప్పండి, తీసేయండి అన్నవాడు ఒక్కసారిగా లాక్కో, చెప్పు అన్నాడు. కోపం వస్తే మనుషులు నోరు జారతారు, నిజమే. కానీ ఇది జారిన నోరులా లేదు. ఇంతసేపూ తొడుక్కున్న ముఖం తీసి పక్కన పెట్టినట్టుంది.

“బాబూ, మా అమ్మాయిని అడిగి మళ్ళీ ఫోన్ చేస్తాను” అంది.

“అడిగేదేమీ లేదు. ఇప్పుడు చెప్పకపోతే ఏమవుతుందో చూస్తావా?”

తెర మీది నలుపు పోయింది. బాణం గుర్తు ఫోటోల ఫోల్డర్ మీదికి వెళ్ళి నిలబడింది. ఆవిడ మౌస్ పట్టుకుని లాగింది. బాణం కాస్త ఇటు వచ్చింది, మళ్ళీ అటు పోయింది. రెండు చేతులు ఒకే వస్తువును గుంజుకుంటున్నట్టు. ఫోల్డర్ తెరుచుకుంది. తెలిసిన ముఖాలన్నీ ఒక్కసారి నీలంగా మారాయి. పోయాయి. చెత్తబుట్ట గుర్తులోకి పోయినవాటిని అక్కడి నుంచి కూడా తుడిచేశాడు.

అప్పుడు ఆవిడ వంగి, బల్ల కిందకు దూరి, గోడలో ప్లగ్గు పట్టుకుని ఊడబెరికింది. తల బల్ల అంచుకు తగిలింది కూడా. తెర ఆరిపోయింది. ఆవిడ ఫోను పెట్టేసినా, అది మళ్ళీ మళ్ళీ మోగుతూనే ఉంది. మాస్టారు రెండు ఫోన్లూ దిండు కింద పెట్టి, దిండు మీద తను కూర్చున్నాడు.

తర్వాత మాస్టారి బలవంతం మీద పక్కింటి ఫోనులోంచి బ్యాంకుకు చేశారు. వాళ్ళు ఖాతాలోంచి సొమ్ము కదలకుండా ఆపేశారు. ఏమీ పోలేదన్నారు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. “డబ్బు పోలేదు కదా, ఇంకెందుకు ఏడుపు?” అన్నాడు.

“కథంతా నేనే చెప్పానండీ వాడికి” అంది ఆవిడ. “దేన్ని తుడిస్తే నాకు నొప్పో నేనే చూపించాను.”

ఆయన పక్కన కూర్చుని ఆవిడ తలకు తగిలిన చోట కొబ్బరినూనె రాశాడు.

కంప్యూటర్ను రిపేరు షాపుకు మోయించుకెళ్ళారు. షాపతను నడివయసు మనిషి, మాట తక్కువ. పెట్టె విప్పి, చల్లారిన టీ పక్కన పెట్టుకుని, పని పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. తుడిచేసిన వాటిలో చాలా ఫోటోలు తిరిగి దొరికాయి. డ్రైవరు తల్లిది మొదట స్కాన్ చేసింది దొరికింది. దాని మీద టచింగ్ అక్కయ్య చేసిన పని మాత్రం దొరకలేదు.

“ఆ ఎర్రతెర వైరస్ కాదమ్మా” అన్నాడు షాపతను. “అది ఉట్టి వెబ్ పేజీ. గోడ మీద మంటల బొమ్మ అంటించి ఇల్లు కాలిపోతోందని అరిచినట్టు. స్విచ్ ఆపేస్తే ఏమీ కాదు. నిజమైన హెచ్చరిక ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు. మీరు ఫోన్ చేసి, ఆ ప్రోగ్రామ్ దించుకున్నాకే వాడికి తలుపు తెరుచుకుంది.” ఆవిడ తల దించుకోవడం చూసి, “వారానికి ఒకరైనా వస్తారు ఇలా” అని కూడా అన్నాడు. “మొన్న వచ్చినాయన జడ్జి.”

జడ్జిగారి సంగతి విని మాస్టారికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఆవిడకు రాలేదు.

సాయంత్రం కూతురు వచ్చింది. తండ్రి ఫోన్లో చెప్పేశాడు. వస్తూనే మొదలుపెట్టింది. “ఎవరో ముక్కూముఖం తెలియనివాడికి బ్యాంకు పాస్‌వర్డ్ ఇస్తారా అమ్మా? పేపర్లో ఎన్నిసార్లు రాలేదు? నాన్న రోజూ పైకి చదువుతూనే ఉంటాడు కదా.” ఆవిడ జవాబు చెప్పకుండా, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది. కూతురు కాసేపు చూసి, దగ్గరికి వచ్చి కుళాయి కట్టేసింది. “నాకెందుకు చెయ్యలేదు ఫోన్?” అంది గొంతు తగ్గించి.

“నువ్వు ఆఫీసులో ఉంటావు కదా. వాడు ఒక్క రింగుకే ఎత్తాడు.”

మధ్యాహ్నాలు అమ్మ ఫోన్ చేస్తే తర్వాత చేద్దాంలే అని పక్కన పెట్టడం ఆ పిల్లకు అలవాటు. తల్లి అది మనసులో పెట్టుకుని అన్న మాట కాదు. ఉన్న సంగతి చెప్పింది. అదే ఎక్కువ తగిలింది. ఆ సాయంత్రం కూతురు వెళ్తూ వెళ్తూ, ఆఫీసు బల్ల మీది ఫోను నంబరు తల్లి చేత నోటికి వచ్చేదాకా చెప్పించింది.

కంప్యూటర్ ఇంటికొచ్చింది కానీ, ఆవిడ దాని మీద పాత దుప్పటి కప్పేసింది. ముందుగదిలో కూర్చోవడం మానేసింది. ఎవరైనా ఫోటో పట్టుకొస్తే, కళ్ళు సరిగ్గా కనపడడం లేదని చెప్పి పంపించేసేది. చెప్పుకుంటే పరువు పోతుందని ఒకటి, ఆ బాణం మళ్ళీ దానంతటదే కదులుతుందేమోనని ఒకటి. రెండో భయం ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

డ్రైవరు కిటికీలోంచి తొంగిచూశాడు ఒకరోజు. దుప్పటి కనపడింది. ఈసారి లోపలికి వచ్చాడు.

“ఒంట్లో బాగాలేదా అక్కయ్యగారూ?”

కళ్ళ సంగతి చెబుదామని నోరు తెరిచింది. చెప్పలేకపోయింది. కూర్చోమని, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. “మీ అమ్మ ముఖం నా చేతుల్లోంచే పోయింది నాయనా. అసలు ఫోటో భద్రంగా ఉంది, ఇచ్చేస్తాను. ఇంకెక్కడైనా చేయించుకో.”

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కోపం వస్తే బావుండునని ఆవిడకు అనిపించింది. “వాడికి మా అమ్మ గురించి ఏం చెప్పారు?” అని అడిగాడు.

“నువ్వు నాకు చెప్పినదే.”

“నేను మీకు చెప్పింది ఏముంది అక్కయ్యగారూ? రెండు ముక్కలు.” టోపీ పెట్టుకుంటూ అన్నాడు, “నాకు సెలవు దొరికిన రోజు వచ్చి పక్కన కూర్చుంటాను. మీరు మళ్ళీ చెయ్యండి. నాకు గుర్తున్నది చెబుతాను.”

సెలవురోజు నిజంగానే వచ్చాడు. దుప్పటి అతనే తీశాడు. ఆవిడ ముందు ఇంటర్నెట్ తీగ ఊడదీసి, ఊడిందో లేదో రెండుసార్లు చూసుకుని, అప్పుడు కూర్చుంది. మొదట్లో మౌస్ వదిలేసి బాణం వంకే చూసేది. అది వదిలిన చోటే ఉంది. మళ్ళీ పట్టుకునేది. అతను తెర వంక చూస్తూ చెబుతున్నాడు. అమ్మ షిఫ్ట్ దిగి వస్తే జుట్టు నిండా దూది ఉండేదని, తనూ చెల్లీ చెరో పక్కన కూర్చుని ఏరేవాళ్ళమని, పెద్దగా నవ్వాల్సివస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేదని.

ఆవిడ ఇదివరకటిలాగే కుడికన్ను చూసి ఎడమకన్ను పొయ్యడం మొదలుపెట్టింది. సగంలో అతను ముందుకు వంగాడు.

“అంత తెరుచుకుని ఉండదండీ. ఆ కంట్లో మిల్లు దుమ్ము పడి ఒకసారి వాచింది. అప్పటినుంచి ఎప్పుడూ కాస్త చిట్లించినట్టే ఉండేది.” తనే ఆశ్చర్యపోయాడు. “ఇది నాకు గుర్తుందని నాకే తెలియదు.”

ఆవిడ రెప్పను ఒక పిసరు కిందకు దించింది. ఇంకొంచెం. అతను “ఆగండి” అన్నాడు. లేచి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. మాస్టారు పేపరు మడిచి, కుర్చీ జరిపి, చోటిచ్చాడు.

అతను వెళ్ళాక ఆవిడ భర్తతో అంది, “మొదట చేసినదే అందంగా ఉండేదండీ. చెంప మీద వెలుతురు అంత బాగా మళ్ళీ రాలేదు.”

“అతనికి ఇది చాలు కదా.”

“అతనికి చాలు. నాకే, అది పోయిందే అని ఉంటుంది.”

కొన్నాళ్ళకు మళ్ళీ ఫోను వచ్చింది. కొత్త నంబరు, అంతే నిదానమైన గొంతు. తమ సేవల్లో లోపం జరిగిందట, ఆవిడకు డబ్బు తిరిగివ్వాలట, కంప్యూటర్ ముందు కూర్చోమంటున్నాడు. వాడేననుకుంది ఆవిడ. కానీ పెట్టెయ్యలేదు. ఇన్నాళ్ళూ కడుపులో ఉన్న మాట బయటకు వచ్చింది.

“బాబూ, ఆ ఫోటో ఎందుకు తుడిచేశావు? నంబరు ఇవ్వనందుకు నన్ను తిట్టావు, సరే. ఆవిడ నిన్నేం చేసింది?”

అవతల దూరంగా చాలా గొంతులు వినపడ్డాయి, అన్నీ అలాగే నిదానంగా, ఎవరెవరికో ధైర్యం చెబుతూ. తర్వాత అతను, “ఏ ఫోటో అమ్మా?” అన్నాడు. నటన కాదు, నిజంగానే తెలియదు. వీడు వేరేవాడు. లేదా వాడే అయినా గుర్తులేదు. ఇన్నాళ్ళూ తను మనసులో నిలదీసిన ఆ మనిషి అవతలి వైపు లేనే లేడని అప్పుడు అర్థమయింది ఆవిడకు. ఫోను పెట్టేసింది. ఆ రోజు తర్వాత ఆ గొంతు ఆవిడ కలలోకి రాలేదు.

పరువు సంగతి కూడా అలాగే తేలిపోయింది. ఒక మధ్యాహ్నం ఎదురింటి లెక్కల టీచరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది. రిటైరయ్యాక పిల్లలకు కంప్యూటర్లోనే పాఠాలు చెబుతుంది ఆవిడ. “వదినా, నా కంప్యూటర్ అరుస్తోంది. అంతా ఎర్రగా అయిపోయింది. ఏదో నంబరు ఇచ్చారు, చెయ్యమంటావా?”

టచింగ్ అక్కయ్య చేతిలో సగం తరిగిన కూర ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, టీచరమ్మ కంటే ముందే రోడ్డు దాటింది. ఆ ఇంట్లో అదే సైరన్, అదే ఆడగొంతు. ఆవిడ లోపలికి వెళ్ళి, గోడ మీది స్విచ్ ఆపేసింది.

“ఆపొద్దన్నారు వదినా.”

“అందుకే ఆపాను.”

ఇద్దరూ నల్లటి తెర వంక చూస్తూ నిలబడ్డారు. మళ్ళీ స్విచ్ వేస్తే కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు మామూలుగా లేచింది. టీచరమ్మ పాఠాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆ పేజీని మళ్ళీ తెరవమంటావా అని అది అడిగితే, వద్దని నొక్కించింది టచింగ్ అక్కయ్య.

“అంతేనా?” అంది టీచరమ్మ, కుర్చీలో కూలబడి.

“అంతే.”

“నీకెలా తెలుసు వదినా ఇదంతా?”

టచింగ్ అక్కయ్య ఆవిడ పక్కన కూర్చుంది. టీచరమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. “నేను ఫోన్ చేశాను” అంది. “మంచినీళ్ళు తాగమన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో చెబితే నమ్మవు. కూర్చో, మొదటినుంచీ చెబుతాను.”